ఘాటు కాదు

మిరప కల్లంలో ఏడ్చే మనిషిని ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. పర్చూరు చుట్టుపక్కల మా ఊళ్ళల్లో ఆడదానికున్న పెద్ద వెసులుబాటు అదొక్కటే. ఎర్రగా పరిచిన కాయల మధ్య తలగుడ్డ కట్టుకుని కూర్చుని, మంచికాయ ఓ పక్కకి, రంగుపోయి తెల్లబడిన తాలుకాయ ఓ పక్కకి ఏరుతూ ఎంత ఏడ్చినా, పక్కన కూర్చున్నది ‘ఈ ఏడు ఘాటు బాగా ఉందే’ అంటుంది తప్ప ఇంకో మాట అనదు. నేను రెండు పంటలు అలా ఏడ్చాను. ఆ ఘాటు అనే మాట ఇవాళ మళ్ళీ నా నెత్తిన కూర్చుంది, ఈసారి మా అత్త కోసం. గుంటూరు కొత్తపేటలో ఈ మేడ పై అంతస్తులో వరండాకి ఇటు పక్క కళ్ళ డాక్టరు, అటు పక్క మనసు డాక్టరు. మేం వచ్చింది అటు పక్కకి, కూర్చున్నది ఇటు పక్క. శుక్లాల వాళ్ళ మధ్య, కళ్ళ డాక్టరు కుర్చీల్లో, మా అత్త హనుమాయమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుంది. ఎవరన్నా అడిగితే ఘాటుకి కళ్ళు మండుతున్నాయని చెప్పాలని బస్సులో నా చేత ఒట్టు వేయించుకుంది. పేరు మాత్రం అటు పక్కన రాయించాను. పిలిచినప్పుడు లేచి వరండా దాటాలి. దాటుతుందా, మెట్లు దిగి బస్టాండుకి పోదాం పదమంటుందా అన్నదే ఇప్పుడు నా బెంగంతా.

వరండా ఎంతుందని, ఒక మంచం అడ్డంగా వేస్తే నిండిపోతుంది. అయినా అటు గోడకున్న బోర్డు మీద ‘మానసిక’ అన్న మాట కంటపడగానే మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ తల దించుకుని తమ చెప్పులకేసి చూసుకుంటారు, అవి అప్పుడే కొన్నట్టు. మొదటిసారి నేనూ చూసుకున్నాను. ఇప్పుడు చూసుకోను. అటు పక్క గోడవారన ఉన్న కుర్చీ నాదే అన్నంత ధీమాగా కూర్చుంటాను, పేర్లు పిలిచే సిస్టరు షహనాజ్ నన్ను చూడగానే ఈ ఏడు కాయ ఎట్టా ఉందని అడుగుతుంది. ఇవాళ మాత్రం ఇటునుంచే ఆమెకి సైగ చేశాను, మా పేరు వచ్చినప్పుడు కాస్త నెమ్మదిగా పిలవమని. తలూపింది గానీ, షహనాజ్‌కి నెమ్మదిగా పిలవడం చేతకాదు. ఆమె పిలిస్తే కింద మందులషాపు వాడు కూడా పలుకుతాడు.

పంకా గాలికి గోడకున్న చూపు పరీక్ష అట్ట కొట్టుకుంటోంది. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన లోపలికి పిలవకముందే ఆ అక్షరాలు బట్టీ పడుతున్నాడు, పెదాలు కదిలిస్తూ, ఎక్కడ తప్పిపోతానోనని. నవ్వాగక అత్తకి చూపిద్దామని తిరిగాను. ఆవిడ నేల చూస్తోంది. పోయినేడైతే ఈ పాటికి ఆ పెద్దాయనది ఏ ఊరో, ఎన్నెకరాలు వేశాడో, కోడలు వేళకి అన్నం పెడుతుందో లేదో అన్నీ రాబట్టి, ఇదేమన్నా పదో తరగతి పరీక్షా అని వరండా మొత్తాన్ని నవ్వించి ఉండేది. మా అత్త గొంతు అలాంటిది. మా చేలో నిలబడి పక్క చేలో కూలీలని అదిలించగలదు. కాయ ఎండిందో లేదో చూడ్డానికి గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తుంది, లోపల గింజ గలగలమంటే గోతాలు తెమ్మంటుంది, లేదంటే ఇంకో ఎండ పడనీయమంటుంది. ఆ చెవి ఎప్పుడూ తప్పలేదని మా మామ వెంకటనారాయణ ఇప్పటికీ చెప్పుకుంటాడు. కల్లం అంటే అత్తది, మేమంతా ఆవిడ గొంతు కింద పనిచేసేవాళ్ళం.

ఆ గొంతుతోనే నన్ను తాలు అంది. ఎర్రకాయని చూసి తెచ్చుకున్నాం, ఇంటికొచ్చాక తాలైంది అని, కల్లంలో ఆడవాళ్ళందరి మధ్యా, నన్ను చూడకుండా, కాయల కుప్పని చూస్తూ అంది. అందరూ నవ్వారు. నేను కళ్ళు తుడుచుకుంటే అదీ ఘాటే అనుకున్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోయే రకాన్నీ కాను. ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ నీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టుకుని కూడా గుర్తుంది. గుర్తుంచుకునే తీసుకొచ్చాను. అది నాకు గర్వంగానే ఉంది.

నాకు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఆ ఏడు పంట బాగుంది, ధర బాగుంది, మా శ్రీరమ్య బడిలో బాగా చదువుతోంది, మా ఆయన బాలు తాగేవాడూ కాదు కొట్టేవాడూ కాదు. ఏడవడానికి ఒక కారణం వెతుక్కుందామన్నా దొరకలేదు, అదే నాకు పెద్ద సిగ్గు. తెల్లారకముందే మెలకువ వచ్చేసేది. కళ్ళు ఇంకా తెరవకముందే ఎవరో తరుముతున్నట్టు గుండె కొట్టుకునేది. అరచేతుల్లో చెమట, గొంతులో ముద్ద, బోరింగు దగ్గర బిందె నిండే లోపల నేను చచ్చిపోతానేమోనని భయం. భయం తగ్గాక ఏమీ ఉండేది కాదు, అదింకా ఘోరం. జడ వేసుకోవాలంటే కొండ ఎక్కినంత పని. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి. అత్త చూసి తీర్పు చెప్పింది, ఘాటు ఒంట్లోకి దిగిందని. మిరప ఊళ్ళో పుట్టి మిరప ఊళ్ళో మెట్టిన దానికి ఇంకేం జబ్బు వస్తుంది మరి. వేసవంతా మజ్జిగ, పటికబెల్లం, తలకి ఆముదం. జిడ్డు కారే తలతో నేను తిరుగుతుంటే మా కోళ్ళు కూడా పక్కకి తప్పుకునేవి. కల్లానికి రావద్దని, ఘాటుకి దూరంగా ఇంట్లో ఉండమని బాలు ప్రేమగానే చెప్పాడు. ఒక్క మిరపకాయ లేని ఇంట్లో, ఒక్కదాన్నే, ఇంకా ఎక్కువ ఏడ్చాను. అప్పుడు అందరూ అన్నది ఏంటంటే, చూశారా, ఘాటు ఎంత లోతుకి పోయిందో.

పెద్దాయన లోపలికి వెళ్ళాడు. బట్టీ పట్టిన అట్ట బయటే ఉంది, లోపల ఇంకో అట్ట ఉంటుందని ఆయనకి తెలీదు పాపం. అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఆ చేతులు నాకు తెలుసు, రెండేళ్ళు నా చేతులూ అలాగే ఉన్నాయి. చెప్పాలనిపిస్తోంది, అత్తయ్యా, వేలు వదిలెయ్, పొయ్యి ఊదు అని. పొయ్యి ఊదడమంటే మా ఇద్దరికీ ఇప్పుడొక అర్థం ఉంది, దాని దగ్గరికి వస్తాను, ముందు మాబూబీ దగ్గరికి పోవాలి, ఆమె లేకపోతే అటు పక్క నా కుర్చీ లేదు.

మాబూబీ మా ఊళ్ళో పరుపులు కుట్టే పీరు భార్య, ఏటా మా కల్లానికి కాయ ఏరడానికి వస్తుంది. మరుసటేడు చేతులు చాలక అత్తే నన్ను మళ్ళీ కల్లంలో కూర్చోబెట్టింది. మాబూబీ నా పక్కన. ఎప్పటిలా నేను ఏరుతున్నాను, ఎప్పటిలా కళ్ళు కారుతున్నాయి, కల్లమంతా తుమ్ములు, దగ్గులు, చీదుళ్ళు. మాబూబీ తన ముక్కు తుడుచుకుని, నాకేసి చూసి, మళ్ళీ తల దించి ఏరుకుంటూ, కాయతో మాట్లాడుతున్నట్టు అంది:

“ఘాటుకైతే ముక్కు కూడా కారిద్ది జ్యోతమ్మా. నీకు కళ్ళే కారతన్నయ్.”

నా ముక్కు ముట్టుకుని చూసుకున్నాను. పొడిగా ఉంది. అప్పటిదాకా చూపించుకున్న ఇంతమంది డాక్టర్లు, గ్యాస్ అన్నవాడు, గుండె గీతలు తీయించి ఏమీ లేదన్నవాడు, రక్తం తక్కువన్నవాడు, ఎవరూ నా మొహం అంతసేపు చూడలేదు. చూస్తే నేనే చెప్పేదాన్నేమో. మాబూబీ ఇంకేమీ అడగలేదు, సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం చీరాలలో తన చెల్లెలికి ఇలాగే అయిందని, గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తానే తీసుకెళ్ళానని, నేను వస్తానంటే తాను తోడొస్తానని చెప్పింది. అలా వచ్చాను ఈ మెట్లెక్కి. ఏం బాధ అని డాక్టరమ్మ అడగలేదు, పొద్దున మెలకువ ఎప్పుడొస్తోందమ్మా అని అడిగింది. అంతే, నేను ఆగలేదు. ఇది జబ్బేనమ్మా, దీనికి పేరుంది, మందుంది, చాలామందికి వస్తుంది, కారణం ఉన్నా వస్తుంది లేకపోయినా వస్తుంది అంది. నాకు ముందు కోపమే వచ్చింది, ఇంత చిన్న మాటకి వేసవంతా ఆముదం పూశారే అని. తర్వాత బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చిలకలూరిపేట దాటాక, ఆకలేస్తోంది మాబూబీ అన్నాను. ఆమె సంచిలోంచి పులిహోర తీసింది.

మందు చిన్న బిళ్ళ, తెల్లగా, గోరంత కూడా లేదు. మొదట్లో కడుపులో తిప్పింది, నోరు ఎండిపోయింది, పగలంతా మగత. వారం గడిచినా నవ్వు రాలేదు, డబ్బులు దండగ అని మానేద్దామనుకున్నాను. డాక్టరమ్మ ముందే చెప్పింది, నాటిన వారానికే కాయ కోస్తావా తల్లీ, ఆగు అని. ఆగాను. ఒకరోజు పొద్దున కాఫీ వాసన వచ్చింది. రోజూ పెట్టే కాఫీయే, అన్నాళ్ళూ దానికి వాసన లేదు, ఆ రోజు వచ్చింది. గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను. మా అత్తకి మాత్రం అవి పిచ్చి బిళ్ళలు. ఎవరన్నా వస్తారని వాటిని ఆవకాయ జాడీల వెనక దాచేది. నేను తీసి ఉప్పుడబ్బా పక్కన, వంటింట్లో అందరికీ కనపడేలా పెట్టేదాన్ని. ఆవిడ దాచేది, నేను పెట్టేదాన్ని. ఒక్క మాట అనుకోకుండా ఏడాదంతా ఈ యుద్ధం చేశాం. ఈలోగా మా ఊరి వజ్రమ్మ, అత్తకి వరసకి మరదలు, ఊళ్ళో ఏ కబురైనా ఆవిడ నోట్లోంచే బయటికి రావాలి, జ్యోతికి పిచ్చి పట్టిందట అని మేం బస్సు దిగేలోపే ఇల్లిల్లూ చెప్పేసింది. నేను నీళ్ళ ట్యాంకు దగ్గర ఆవిడని ఆపి, పిచ్చి కాదు పిన్నీ, దిగులు జబ్బు, బిళ్ళ వేసుకుంటున్నా, తగ్గుతోంది, ఇంకేమన్నా తెలుసుకోవాలంటే నన్నే అడుగు అన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. బాగున్నాను.

బాగైపోయానని నా అంతట నేనే ఒకసారి మానేశాను కూడా. మళ్ళీ మొదటికొచ్చింది, తల తిరుగుడు, నిద్రలేమి, ఆ తరుముడు. మళ్ళీ అటు పక్క కుర్చీలోనే కూర్చున్నాను. డాక్టరమ్మ తిట్టలేదు, మానేటప్పుడు తాను చెప్పినట్టు కొంచెం కొంచెంగా మానాలని మళ్ళీ చెప్పింది. బిళ్ళ ఒక్కటే చాలదనీ చెప్పింది. ఊపిరి లోపలికి మామూలుగా తీసుకుని, వదిలేటప్పుడు మాత్రం పొడుగ్గా, మెల్లగా వదలమంది. నాకు కుదరలేదు, లెక్కపెడుతూ లెక్క దగ్గరే గాబరా పడేదాన్ని. పెరట్లో నీళ్ళ పొయ్యి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది, బూడిద లేవకుండా నిప్పు ఊదితే వచ్చే ఊపిరే ఆవిడ చెప్పిన ఊపిరి. అప్పట్నుంచీ బస్సులో ఉన్నా, పెళ్ళిలో ఉన్నా, గుండె పరుగందుకోగానే నా ముందొక పొయ్యి ఉన్నట్టు ఊదుతాను. రోజూ పొద్దున్నే ఊరి బయటి మేజరు కాలవ దాకా నడుస్తాను, నడవాలనిపించని రోజు మరీ నడుస్తాను. స్నానం చేయాలనిపించని రోజు, స్నానం సంగతి తర్వాత, ముందు తువ్వాలు తీసుకో అని నాకు నేనే చెప్పుకుంటాను. తువ్వాలు తీశాక సగం పని అయినట్టే. నవ్వుతూ ఉంటే అన్నీ పోతాయని ఫోన్లో అరిచే ఒకాయన వీడియోలు బాలు ఇష్టంగా పంపేవాడు, వాటిని చూసి మాత్రం ఒక్కరోజూ నవ్వలేదు.

నేను కనిపెట్టింది ఇంకోటుంది. తలలోకి మాటలు వస్తాయి కదా, నువ్వు ఎందుకూ పనికిరావు, పిల్లకేదో అవుతుంది, అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారు అని. ముందు వాటితో వాదించేదాన్ని, వాదించి ఓడిపోయేదాన్ని. ఒకరోజు కల్లంలో చేతులు చూసుకున్నాను. తాలుకాయ చేతికి తగిలితే మనం దాంతో పోట్లాడం, ఎందుకు తెల్లబడ్డావని అడగం, మిగతా కుప్పంతా తాలైపోయిందని ఏడవం. చెయ్యి దాన్ని పక్కన పెట్టి ఇంకో కాయ మీదికి పోతుంది. అప్పట్నుంచీ తలలో ఆ మాట రాగానే, ఇది తాలు అని పక్కన పెడతాను. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పెడతాను. రోజంతా ఏరినా విసుగు లేదు నాకు, చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనే. ఇది చెబితే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, ఇంకోసారి చెప్పు జ్యోతీ అంది. అత్త నన్ను కొట్టడానికి విసిరిన మాట అది. నేను దాన్ని పట్టుకుని పనిముట్టు చేసుకున్నాను. గర్వపడనా మరి?

షహనాజ్ ఎవర్నో పిలిచింది. అత్త ఉలిక్కిపడి నా మోకాలు పట్టుకుంది. మనం కాదు అత్తయ్యా అన్నాను. చెయ్యి తీయలేదు. ఆ చెయ్యి బరువు నాకు హాయిగానే ఉంది, భయంగానూ ఉంది.

ఈ ఏడు కల్లంలో ముందు నాకు తెలిసింది నిశ్శబ్దం. కాకుల అరుపు వినపడుతోంది, బోరు మోటారు వినపడుతోంది, అత్త వినపడటం లేదు. పెద్దదైంది కదా, నెమ్మదించింది అన్నాడు మామ. బాలు అయితే సంతోషించాడు కూడా. తర్వాత ఒకరోజు కూరలో ఉప్పు మర్చిపోయాను, ఆవిడ తినేసి లేచిపోయింది. మా అత్త ఉప్పు లేని కూర నోరెత్తకుండా తినడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. తర్వాత గుప్పెడు కాయ చెవి దగ్గర పెట్టుకుని, ఆడించడం మర్చిపోయి, అలాగే నిలబడిపోయింది. కాయ ఏరుతూ నేను ఆవిడ మొహం చూశాను. కళ్ళు కారుతున్నాయి. చుట్టూ అందరూ చీదుతున్నారు. అత్త ముక్కు పొడిగా ఉంది. ఏడాది కిందటైతే ఇప్పుడు తెలిసొచ్చిందా అనుకునేదాన్నేమో. అనుకోలేకపోయాను, ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అక్కడ పగవాళ్ళు కూడా ఉండకూడదు.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోకి వస్తే, అత్త ఉప్పుడబ్బా దగ్గర నిలబడి నా బిళ్ళల అట్టని చేత్తో పట్టుకుని ఉంది. దాచడానికి కాదు, ఊరికే చూస్తోంది. నన్ను చూసి కంగారుగా పెట్టేసింది. కళ్ళకేమైంది అత్తయ్యా అన్నాను. ఘాటు అంది. ఘాటుకైతే ముక్కు కూడా కారుతుంది అన్నాను. ఆవిడ పీట మీద కూర్చుని, గోడతో చెప్పినట్టు చెప్పింది:

“తిండికి లోటా, బట్టకి లోటా, దిగులేందే అని నిన్ను తిట్టా గదా. నాకేం లోటే ఇప్పుడు? పొద్దున్నే లెగాలంటే ఎందుకు లెగాలా అనిపిస్తంది జ్యోతీ. పడుకుంటే ఇంక లెగకపోతే బాగుండనిపిస్తంది.”

ఆ సాయంత్రమే పొలం గదిలో పురుగుమందు డబ్బాలుండే చోటికి బాలు చేత తాళం వేయించి, చెవి నా బొడ్లో దోపుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నాకు బాగోలేనప్పుడు ఆ చెవి ఆయన జేబులో ఉండేది. అత్త నా నడుముకేసి చూసింది, చూపు తిప్పుకుంది. ఆ చెవి ఇప్పుడూ నా బొడ్లోనే ఉంది, కుర్చీలో వంగినప్పుడల్లా గుచ్చుకుంటోంది. అందుకే ఈ వరండా నాకు అంత పెద్దదైపోయింది. నేను తెచ్చుకున్న బిళ్ళల్లోంచి ఒకటి ఇవ్వమని ఆవిడ అడిగింది కూడా, గుంటూరు దాకా ఎందుకు, నీకు పనిచేసింది నాకు చేయదా అని. కుదరదు అత్తయ్యా, నీ ఒంటికి తగ్గది డాక్టరే చూసి ఇవ్వాలి అన్నాను. పొయ్యి ఊదడం మాత్రం నేర్పాను. పెరట్లో ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని ఊదాం, నిప్పు లేని పొయ్యి. మామ చూసి నీళ్ళు కాగాయా అని అడిగాడు. ఆ వారంలో అత్త నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాతే వస్తానంది, కళ్ళ డాక్టరని చెబితేనే వస్తానంది. ఘాటు అనే మాట చాటున దాక్కోవడం నాకు నచ్చలేదు, నా బిళ్ళ నేను ఎప్పుడూ దాచలేదు. అయినా ఒట్టు వేశాను. ఏ మాట పట్టుకుని వచ్చినా రానీ, వస్తే చాలు.

కళ్ళ డాక్టరు గది తలుపు తెరుచుకుంది. నర్సు ఒక ఆడమనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చుక్కలు వేశామమ్మా, కళ్ళు తెరవకుండా కూర్చోండి, మళ్ళీ పిలుస్తాం అని సరిగ్గా అత్త పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. చూస్తే వజ్రమ్మ. ఈ భూమ్మీద ఇన్ని కుర్చీలుండగా. అత్త చేతివేళ్ళు నా మోకాల్లో దిగబడ్డాయి. వజ్రమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పైకెత్తి, ముక్కు ఎగబీల్చింది. “ఎవరో కల్లం నుంచే వచ్చారే, కాయ వాసనొస్తంది,” అంది ఎవరితోనన్నట్టు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత గుర్తొచ్చి, పొడుగ్గా వదిలాను. పక్కన అత్త కూడా వదులుతోంది, వినపడీ వినపడకుండా, బూడిద లేవకుండా. వజ్రమ్మ మమ్మల్ని చూడలేదు కాబట్టి పరవాలేదు. పిలిచినా పలక్కుండా, చెప్పుల చప్పుడు కాకుండా లేచి అటు పోతే వజ్రమ్మకి తెలియను కూడా తెలియదు. లేదా మెట్లు దిగి పోయినా తెలియదు. అత్త చూపు ఒకసారి మెట్ల మీదికి పోయింది. నేను చూశాను. తాళంచెవి గుచ్చుకుంది.

“హనుమాయమ్మగారూ!”

షహనాజ్ గొంతు. నెమ్మదిగా పిలవమన్నందుకు మామూలుకంటే ఇంకాస్త గట్టిగా పిలిచినట్టుంది. వరండాలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వజ్రమ్మ మూసిన కళ్ళతోనే తల తిప్పి, మా ఊళ్ళో కూడా ఉందమ్మా ఒక హనుమాయమ్మ, మా వదినే, గొంతెత్తిందంటే పదూళ్ళకి వినపడాలి అని చెప్పసాగింది. అత్త కదల్లేదు. నేను లేవబోయి ఆగాను. లేపి తీసుకెళ్ళగలను, చెయ్యి పట్టి లాగగలను, నా ఒంట్లో ఇప్పుడు ఆ బలం ఉంది. లాగలేదు. లేస్తే తనే లేవాలి. నన్నెవరూ లాగలేదు.

నా మోకాలి మీది చెయ్యి తేలికైంది. అత్త లేచింది. కొంగు నెత్తిమీద నుంచి జారింది, మళ్ళీ లాక్కోలేదు. అటు నడుస్తుందనుకున్నాను, నడవలేదు. వజ్రమ్మ ముందు నిలబడింది.

“నేనే వజ్రం. మీ వదిన్నే.”

“నువ్వా వదినా? నీక్కూడా కళ్ళేనా? ఘాటు పట్టిందా ఏంది?”

ఒట్టు నాది. అవును పిన్నీ, ఘాటే అనడానికి నేను నోరు తెరిచాను కూడా.

“ఘాటు కాదు,” అంది మా అత్త. ఆ గొంతు విని ఈ ఏడు ఎన్నాళ్ళయిందో. చూపు పరీక్ష గదిలోంచి పెద్దాయన తల బయటికి పెట్టి చూశాడు. “దిగులు జబ్బు. అటు పక్క డాక్టరు దగ్గరికొచ్చా. నా కోడలు తీసుకొచ్చింది, దానికి తగ్గింది, నాకూ తగ్గిద్ది. నువ్వు ఊళ్ళోకి పోయి చెబితే సరిగ్గా చెప్పు, ఘాటని చెప్పమాక.”

వజ్రమ్మ నోరు తెరిచింది, కళ్ళు తెరవలేక అలాగే ఉండిపోయింది. అత్త తిరిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వరండా దాటింది. నేను నీళ్ళ సీసా తీసుకుని వెనకే నడిచాను. నా కళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు ముట్టుకుని చూసుకున్నాను. పొడిగా ఉంది.